అరగంట సాక్ష్యం, నాలుగు ముక్కలు

అల్ నహ్దా, షార్జా
4 మార్చి 2023

విల్సన్‌కు,

వందనాలు చివర్లో చెబుతాను. ముందు ఇరవై ఆరేళ్లుగా నా గొంతులో అడ్డంగా ఉన్నది చెప్పనీ.

1997లో మన జెబెల్ అలీ క్యాంపుకి మిషను పెద్దాయన వచ్చాడు. ఆ క్యాంపులో ప్రార్థన పెట్టింది ఎవరు? నేను. గదిలో మంచాలు గోడకి నిలబెట్టి, చాపలు పరిచి, నలుగురితో మొదలుపెట్టింది నేను. తమ్ముడివని నిన్ను దుబాయ్‌కి రప్పించిందీ నేనే. ఆ రోజు పెద్దాయన ముందు లేచి నా సాక్ష్యం చెప్పాను. మేడ మీద తారు పూస్తుంటే పీపా పేలిన సంగతి, నా పక్కనున్న పెషావరు మనిషి అక్కడికక్కడే పోయిన సంగతి, మరిగే తారు నా మోచేతి దాకా వచ్చి ఆగిన సంగతి. అరగంట చెప్పాను. చాపల మీద కూర్చున్న కూలీలు తువ్వాళ్లతో మొహాలు తుడుచుకున్నారు. నేను కూర్చున్నాక నువ్వు లేచి ఇంగ్లీషులో చెప్పావు. ఎంతసేపు? నేను గ్లాసుడు నీళ్లు తాగేలోపు అయిపోయింది. "ఈయన మా అన్న. కూలిపని. ప్రమాదం జరిగింది. దేవుడు కాపాడాడు." నాలుగు ముక్కలు. పెద్దాయన నా భుజం తట్టి వదిలేశాడు. నీ చెయ్యి పట్టుకుని కారు దాకా మాట్లాడుతూ వెళ్లాడు.

అన్నకి ఇంగ్లీషు రాదు, ఏం తెలుస్తుందిలే అనుకున్నావు. ఆ సభ క్యాసెట్టు నా దగ్గర ఉంది. మా ఫేబా నర్సింగు చదివే రోజుల్లో విని చెప్పింది, "నాన్నా, నువ్వు చెప్పింది ఇందులో ఏమీ లేదు" అని. ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే ఆ నాలుగు ముక్కలే నిన్ను ఈనాడు ట్రినిడాడ్ దాకా తీసుకెళ్లాయి.

రిటైరైన వాళ్లని మిషనువాళ్లు సేవకి పంపుతారని విన్నప్పుడు మన ఇంటినుంచి వెళ్తే నేను వెళ్లాలి అనుకున్నాను. వెళ్లింది నువ్వూ, కుమారీ. పద్దెనిమిది నెలలు సేవ అన్నారు. ఆరు నెలలుగా ఫేబా ఫోనులో చూస్తున్నాను. నువ్వు నిక్కరు వేసుకుని జలపాతం కింద. నువ్వు టోపీ పెట్టుకుని సముద్రం ఒడ్డున. కుమారి కొబ్బరిబోండాం పట్టుకుని. మా బిల్డింగు వాచ్‌మన్ భోజన్న నీకు గుర్తుండే ఉంటాడు, జగిత్యాల వైపు మనిషి, క్యాంపులో మన పక్క గది. నిన్న వాడు ఫొటో చూసి ఏమన్నాడో తెలుసా? "ఏందన్నా, తమ్ముడు దేవుని పని మీద పోయిండంటివి. గిదేంది, నీళ్లల్ల ఎగురుతున్నడు? గీ పనికి మమ్ముల గూడ తోలియ్యమను." నలుగురు డ్రైవర్లు నవ్వారు. నేను లిఫ్టు ఎక్కి వచ్చేశాను.

అన్నిటికంటే మొన్నటి ఫొటో నన్ను కాల్చింది. అదేదో తారు చెరువట. నేలలోంచి తారు దానంతటదే ఊరుతుందట. దాని మీద చెప్పులేసుకుని నిలబడి నవ్వుతున్నావు. తారు గురించి నీకేం తెలుసురా? స్టోరు రూములో ఏసీ కింద కూర్చున్నవాడివి. ఇరవై ఏళ్లు ఆ వాసన నా చెమటలో ఉంది. ఆ చెరువు మీద నిలబడే హక్కు మన ఇంట్లో ఒక్కడికే ఉంది.

విషయానికి వస్తున్నాను. నాకు డెబ్భై. మోకాళ్లు బాగున్నాయి. పంపులు బిగిస్తాను, గోడ కడతాను, పైకప్పు కారకుండా చేస్తాను, ప్రార్థన చేస్తాను. నన్ను కూడా పంపమని నువ్వే నీ చేత్తో మిషను ఆఫీసుకి రాయాలి. రాశావో లేదో మార్చి ఇరవైలోపు నాకు చెప్పు. నేను ఫోనులో మాట్లాడను. కాగితం మీద రాయి. నాది ముసలితనంలో దిద్దిన రాతే, అయినా నేను రాయడం లేదా? ఫేబా దీన్ని ఫొటో తీసి పంపుతుంది.

ఇప్పుడు వందనాలు.

మీ అన్న
దయారత్నం


శాన్ ఫెర్నాండో, ట్రినిడాడ్
15 మార్చి 2023

పూజ్యులైన అన్నయ్యకు,

నీ చేతిరాత చూసి చాలా రోజులైంది. కుమారి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. నిక్కరు దగ్గర నవ్వింది కూడా. అది నాది కాదు, ఇక్కడి చర్చివాళ్లు ఇచ్చినది.

అన్నయ్యా, ఫొటోలు శనివారానివి. ఆదివారం పోను మిగతా ఐదు రోజులు ఎవరూ ఫొటో తీయరు. నా పని ఏమిటంటే, కుర్ర మిషనరీలు ఉండే అద్దె గదులన్నీ తిరిగి చూడటం. గ్యాసు కారుతోందా, కుళాయి మూయకుండా వదిలేశారా, తలుపు గడియ పడుతోందా, చూసి కాగితం మీద రాయాలి. కుమారి ముసలమ్మల ఇళ్లకి వెళ్తుంది. బీపీ చూస్తుంది, షుగరు పుండ్లకి కట్లు కడుతుంది. ఇక్కడ సగం మంది మన దేశం వాళ్లే. ముత్తాతలు చెరకు కోయడానికి ఓడల్లో వచ్చారు. పేర్లు మనవి, మాట మనది కాదు. ఒక ముసలమ్మ ఉంది, వాళ్ల తాతమ్మ మద్రాసు రేవులో ఓడ ఎక్కిందట. కుమారి చీర కొంగు పట్టుకుని వదలదు.

శనివారం సెలవు. తెల్లవాళ్ల జంటలు, మేమూ కలిసి వ్యానులో బయల్దేరతాం. ఎనభై ఏళ్లవాళ్లు కూడా ఉన్నారు. పొద్దున్నే రోడ్డు పక్కన రెండు చిన్న బూరెల మధ్య శనగల కూర పెట్టి ఇస్తారు, అది తిని కదులుతాం. గత వారం చిత్తడి నేలల్లో పడవ ఎక్కాం. సాయంత్రానికి ఎర్ర కొంగలు గుంపులుగా వచ్చి చెట్ల మీద వాలతాయి. చెట్టుకి మిరపపళ్లు కాసినట్టు ఉంటుంది.

తారు చెరువు సంగతి రాస్తాను. నువ్వు కోప్పడ్డా రాస్తాను. దూరంనుంచి చూస్తే ఎండిన చెరువులా, ఏనుగు తోలులా ముడతలు పడి ఉంటుంది. నడిస్తే పాదం కింద మెత్తగా దిగుతుంది. ఒకచోట నా చెప్పు ఇరుక్కుంది. గైడు ఒక పుల్ల గుచ్చి తీస్తే దారంలా సాగింది. ఆ వాసన రాగానే నాకు నువ్వు గుర్తుకొచ్చావు. క్యాంపులో నువ్వు స్నానం చేసొచ్చినా గదిలో అదే వాసన ఉండేది.

నీ దరఖాస్తు గురించి. ఆఫీసుకి వాళ్ల నిబంధనలు వాళ్లకి ఉంటాయి. నేను అడిగి చూస్తాను. నువ్వు తొందరపడకు. ప్రార్థనలో పెట్టు. క్యాసెట్టు మాట ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సింది, ఉత్తరంలో వద్దు.

వదినతో ఈమధ్య మాట్లాడావా?

నీ తమ్ముడు
విల్సన్


అల్ నహ్దా
8 ఏప్రిల్ 2023

విల్సన్‌కు,

నీ ఉత్తరంలో కొంగలకి ఐదు వరుసలు, బూరెలకి రెండు, చెరువుకి ఏడు. నా దరఖాస్తుకి "అడిగి చూస్తాను". లెక్కపెట్టాను.

నువ్వు అడగవని నాకు తెలుసు. అందుకే నీ ఉత్తరం వచ్చిన రెండో రోజే ఫేబా చేత నేనే దరఖాస్తు పెట్టించాను. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా నా పక్కన కూర్చుంది పాపం. వయసు రాసింది, జబ్బులు రాసింది, వచ్చిన పనులు రాసింది. ఒక గడి దగ్గర ఆగింది.

"నాన్నా, భార్య వివరాలు అడుగుతున్నారు."

"వదిలెయ్."

"వదిలేస్తే అమ్మ పోయిందనుకుంటారు."

"అనుకోనీ. యల్లా, తర్వాతది చదువు."

నా మొహం వంక కాసేపు చూసి తర్వాతది చదివింది. ఇరవై రోజులైంది. ఆఫీసు నుంచి అవునని లేదు, కాదని లేదు. ఎవరో అడ్డుపడ్డారు. అక్కడ నన్ను ఎరిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

మీ వదినతో మాట్లాడావా అని అడిగావు. ఏం మాట్లాడాలి? 2013లో ఫేబా పురిటికి వచ్చింది. మూడు నెలలు ఉంటానని వచ్చి నెలన్నరకే వెళ్లిపోయింది. ఎండ పడలేదు. 2018లో నేను మొగల్తూరు వెళ్తే అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. ఆమె బైబిలు స్త్రీ, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పాలి, తీరిక ఉండదు. నా సంగతికీ ఆమెకీ సంబంధం లేదు. ఆ మాట మళ్లీ ఎత్తకు.

నువ్వు ఒక్కడివే పడవ ఎక్కావనుకోకు. మొన్న ఆదివారం నేను కూడా డేరా వెళ్లి అబ్రా ఎక్కాను. భోజన్నని తోడు తీసుకెళ్లాను. నువ్వు కూర్చున్నట్టే చెయ్యి అంచు మీద పెట్టుకుని కూర్చుని ఫొటో తీయమన్నాను. వాడు తీసి, "అన్నా, నీ తమ్ముడు నవ్వుకుంట దిగిండు, నువ్వు పోలీసుటేషన్ల దిగినట్టున్నవ్" అన్నాడు. ఐదుసార్లు తీయించాను. నవ్వు రాలేదు. కొంగలు కూడా లేవు, సముద్రపు కాకులు ఉన్నాయి. అయినా ఫేబా చేత అందరికీ పంపించాను. నీకు చేరే ఉంటుంది. చూసీ చూడనట్టు ఊరుకున్నావు.

అడ్డుపడ్డావా, లేదా? ఈ నెల ఇరవైకల్లా చెప్పు.

దయారత్నం


శాన్ ఫెర్నాండో
19 ఏప్రిల్ 2023

అన్నయ్యా,

నువ్వు అడిగిన రోజుకి ఒక రోజు ముందే రాస్తున్నాను. ఇక దాచడం నావల్ల కాదు. కుమారి కూడా "రేపు రాస్తారా, నన్ను రాయమంటారా" అని కూర్చుంది.

నేను అడ్డుపడలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే అడిగాను. ముసలి వయసులో దంపతుల్ని పంపుతారు. ఆడవాళ్లు ఒంటరిగా వస్తే ఇంకో సోదరితో జత కలిపి పంపుతారు. మగవాణ్ణి ఒంటరిగా పంపరు. ఎవరినైనా సరే, అది వాళ్ల నిబంధన. భార్య లేకుండా నువ్వు రాలేవు, భర్త లేకుండా వదిన రాగలదు. ఈ మాట నీతో ఎలా చెప్పాలో తెలియక కొంగల గురించి రాశాను.

ఇంకోటి ఉంది. కూర్చుని చదువు.

జనవరి నుంచి కుమారి ప్రతి గురువారం వదినకి ఫోను చేస్తోంది. నేను చెప్పిన ముసలమ్మ ఉందే, మద్రాసు తాతమ్మ ఉన్నావిడ, ఒకరోజు ఏడుస్తుంటే కుమారికి ఏం తోచక వదినకి ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పెట్టింది. వదిన తెలుగులో ప్రార్థన చేసి ఒక పాట పాడింది. ముసలమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఊరుకుంది. ఇప్పుడు గురువారం వస్తే తల దువ్వించుకుని కుర్చీలో కూర్చుంటుంది. పక్క ఇళ్లవాళ్లు కూడా వస్తున్నారు. ఈ సంగతి ఇక్కడి మిషను అధ్యక్షుడి దాకా వెళ్లింది. ముప్పై మూడేళ్లు బైబిలు స్త్రీగా తిరిగిన మనిషి అంటే ఆమెని వెంటనే పంపించండి అన్నాడు. ఫిబ్రవరిలో వదిన దరఖాస్తు పెట్టింది.

మార్చిలో నీది వచ్చింది. ఆఫీసువాళ్లు నీ ఖాళీ గడి చూసి, "మీ వదినగారి మరణానికి చింతిస్తున్నాము" అని నాకు సంతాపం పంపారు. అదే బల్ల మీద వదిన దరఖాస్తు ఉంది, భర్త గడిలో నీ పేరు పూర్తిగా రాసి. నేనేం చెప్పను? మా వదిన బతికే ఉంది, మా అన్న రాయడం మర్చిపోయాడు అన్నాను. మిషను కోసం వచ్చి నేను ఇక్కడ చెప్పిన ఒకే అబద్ధం అది.

పెళ్లైన స్త్రీ ఒంటరిగా రావాలంటే భర్త సమ్మతి పత్రం కావాలి, సంతకంతో. మే ముప్పై ఒకటి ఆఖరు. నీ సంతకం లేకపోతే ఆమె రాలేదు. నువ్వు పెట్టవని భయపడి ఇన్నాళ్లు చెప్పలేదు.

క్యాసెట్టు మాట కూడా రాసేస్తాను. ఆ రోజు పెద్దాయనకి టైము లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. నువ్వు మాట్లాడుతుంటే అంతమంది ఏడ్చారు. బీకాం చదివి, రెండేళ్లు ఆ గదిలో బైబిలు చదివి వినిపించినవాణ్ణి, నా మాటకి ఒక్కడి కన్ను కూడా తడవలేదు. అక్షరాలు కూడబలుక్కునే మా అన్నకి ఇంత ఎక్కడిది అనిపించింది. నోట్లోకి నాలుగే ముక్కలు వచ్చాయి. అన్నయ్యా, అది అసూయే. ఇంకో పేరు లేదు దానికి.

సంతకం పెట్టు.

విల్సన్


అల్ నహ్దా
22 ఏప్రిల్ 2023

విల్సన్‌కు,

నీ అసూయ నీ దగ్గరే పెట్టుకో. నేనేం చేసుకోను దాన్ని?

నేను క్యాంపులో ప్రార్థన పెట్టాను. నేను ఎండలో మాడాను. ట్రినిడాడ్ వెళ్లేది మొగల్తూరులో నీడపట్టున ఇళ్లు తిరిగిన మనిషా? ఫోనులో పాట పాడితే చాలా? నేను పాడనా ఫోనులో?

మీరంతా ఒకటి. ఫేబాని అడిగాను. "నాకు ఫిబ్రవరిలోనే తెలుసు నాన్నా" అంది. ఆ ఖాళీ గడి దగ్గర నా మొహం ఎందుకు చూసిందో ఇప్పుడు అర్థమైంది. అన్నీ తెలిసి నా దరఖాస్తు నింపింది నా కూతురు.

సంతకం పెట్టను. నన్ను ఒక్క మాట అడగకుండా దరఖాస్తు పెట్టిన మనిషికి నా సంతకం ఎందుకు? నేను ఆమెని ఏమన్నాను? ఎండకి తాళలేక తనే వెళ్లింది.

ఖలాస్. ఇక రాయను.

దయారత్నం


శాన్ ఫెర్నాండో
2 మే 2023

బావగారికి,

దయాకుమారి రాస్తున్నాను. ఆయన రాస్తే మళ్లీ మెత్తగా రాస్తారని కాగితం నేను లాక్కున్నాను. పెళ్లై నలభై ఏళ్లలో మీకు ఎదురు చెప్పలేదు. ఈ ఒక్కసారికి మన్నించండి, లేకపోతే మన్నించకండి.

ఎండ అన్నారు. అక్క వెళ్లింది జనవరిలో. షార్జాలో జనవరిలో నేను స్వెట్టరు వేసుకునేదాన్ని.

ఆ శుక్రవారం కూటంలో నేను అక్క పక్కనే కూర్చున్నాను. ముందటి వారం ఆమె మాట్లాడిందని, మళ్లీ చెప్పమని ఆడవాళ్లందరూ అడిగారు. ముసుగు సర్దుకుని లేచింది. రెండు మాటలు కూడా కాలేదు. మీరు ముందు వరుసలోంచి తిరిగి, "అచ్చాయమ్మా, నిన్ను దుబాయ్ రప్పించింది వంట చెయ్యడానికి, వాక్యం చెప్పడానికి కాదు, కూర్చో" అన్నారు. మగవాళ్లలో కొందరు నవ్వారు. అక్క కూర్చుంది. ఆ రోజు కూటానికి పులిహోర చేసింది కూడా ఆమే. అందరికీ వడ్డించింది. మీకూ వడ్డించింది. నాలుగో రోజు విమానం ఎక్కింది.

తమ్ముడు నాలుగు ముక్కలు చేశాడని ఇరవై ఆరేళ్లు మోశారు. ఆయన నాలుగైనా చెప్పారు బావగారూ.

సంతకం గురించి మిమ్మల్ని అడగమని అక్కతో నేనే అన్నాను. "నేను అడగను కుమారీ. అడిగితే అడిగినందుకు కూడా ఒక మాట అంటాడు. ఆయనకి తోస్తే పెడతాడు, లేకపోతే నాకు గురువారాలు ఉన్నాయి" అంది. కోపంగా కూడా అనలేదు. రొయ్యలు ఒలుచుకుంటూ అంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త. బీపీ మాత్ర వేసుకుని ఈ ఉత్తరం మళ్లీ ఒకసారి చదవండి.

మీ మరదలు
దయాకుమారి


అల్ నహ్దా
13 మే 2023

అచ్చాయమ్మకు,

ఈ ఉత్తరం ఫేబాకి చూపించలేదు. ఫొటో తీయించలేదు. ఫేబా ఆసుపత్రిలో నర్సమ్మ సెలవు మీద పాలకొల్లు వస్తోంది, ఆమె చేతికి ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించాక ఇంకో కవరులో పెట్టి మళ్లీ అంటించాను.

కుమారి రాసింది చదివాక పది రోజులు పైన ఇంట్లో ఉండలేకపోయాను. కిందికి వెళ్లి భోజన్న గదిలో కూర్చునేవాణ్ణి. వాడు అడిగితే జరిగింది చెప్పాను. వాడు నావైపే మాట్లాడతాడనుకున్నాను. "గదేం మాటన్నా? అంతమంది ముంగట అంటవా? మా ఇంటామె భూమవ్వ అయితే గంటె తోని కొడుతుండె" అన్నాడు. అని టీ పోశాడు.

నేను ఎందుకు అన్నానో రాస్తాను. నీకు తెలుసో తెలియదో. ఆ ముందటి శుక్రవారం నువ్వు మాట్లాడినప్పుడు నేను వెనక, చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. మొగల్తూరులో మొగుడు తన్ని తరిమిన పిల్లని నువ్వు ఇంట్లో పెట్టుకున్న సంగతి చెప్పావు. గొంతు కూడా పెంచలేదు. నా సాక్ష్యం అప్పటికి వాళ్లు ఎన్నోసార్లు విన్నారు. తారు పీపా అనగానే కొందరు టైము చూసుకుంటారు, నేను గమనించాను. నీ మాటకి ఒక్కడూ కదల్లేదు. కూటం అయ్యాక నేను వీళ్లకి పెట్టిన చాపల మీదే నీ చుట్టూ మూగారు. ఒకడు నా దగ్గరికొచ్చి, "అన్నా, అక్కని ఇన్నేళ్లు ఎందుకు దాచావు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు కడుపు మండింది. వారమంతా మండింది. శుక్రవారం నోట్లోంచి వచ్చింది.

ఆ తర్వాత ఎండ అని చెప్పుకున్నాను. అందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమని తోచింది.

క్షమించు అని రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. ఆ మాట కాగితం మీద చిన్నగా కనపడుతోంది. అన్నది అంతమంది ముందు. అందుకని నిన్న శుక్రవారం కూటంలో లేచాను. ఇప్పుడు కూటం నడిపేది కొత్త పాస్టరు. తొమ్మిదేళ్ల కిందట నేను ఈ హాలులో ఒక మనిషిని కూర్చోబెట్టాను, తప్పు నాది అన్నాను. ఎవరిని, ఏమని అన్నానో కూడా చెప్పాను. సగం మంది కొత్తవాళ్లు, వాళ్లకి ఏమీ తెలియదు. పాతవాళ్లు తలలు వంచుకున్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ ఏడవలేదు.

ఇప్పుడు పని సంగతి. కవరులో రెండు కాగితాలు పెట్టాను.

ఒకటి సమ్మతి పత్రం. నువ్వు ఒంటరిగా వెళ్లడానికి. సంతకం పెట్టాను, తారీకు వేశాను, కింద బొటనవేలి ముద్ర కూడా వేశాను. సంతకం చాలు నాన్నా, ముద్ర ఎందుకు అంది ఫేబా. ఎవరూ కాదనకుండా అన్నాను. దీనికి బదులుగా నువ్వు నాకు ఏమీ చెయ్యక్కర్లేదు. మాట్లాడక్కర్లేదు కూడా. అది నీది.

రెండోది దంపతుల దరఖాస్తు. అందులో పైన ఒక గీత, కింద ఒక గీత ఉన్నాయి. పైది మిషనరీ పేరుకి, కిందిది తోడు వెళ్లేవాళ్ల పేరుకి. ఫేబా నా పేరు పైన రాయబోయింది. కలం తీసుకుని కింద నేనే రాశాను. పై గీత ఖాళీగా ఉంది. అది నేను నింపేది కాదు.

అబద్ధం రాయను, నాకు వెళ్లాలని ఉంది. ఆ తారు చెరువు చూడాలని ఉంది. ఆ ఎర్ర కొంగలు నిజంగా అంత ఎర్రగా ఉంటాయో, విల్సన్ కోతలు కోస్తున్నాడో చూడాలని ఉంది. నువ్వు ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లి పాడుతుంటే ఇప్పుడు కూడా నాకు కొంచెం మండుతుంది, అది తెలిసే చెబుతున్నాను. మండితే బయటికి వెళ్లి వాళ్ల కుళాయి బాగుచేస్తాను. లోపలికి వచ్చి నోరు తెరవను.

నాతో రావడం ఇష్టం లేకపోతే రెండోది చింపెయ్. నాతో వస్తే మొదటిది చింపెయ్. రెండూ చింపేసి గురువారాలు చాలు అనుకుంటే అదీ నీ ఇష్టమే, కానీ అలా చెయ్యకు. నామీద కోపంతో ఆ ముసలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఉంచకు.

కాగితం ఆఫీసుకి మే ముప్పై ఒకటిలోపు చేరాలి. ఫేబాకి పంపడానికి టైము కావాలి. అందుకని ఏది చింపావో మే ఇరవై ఒకటి, ఆదివారంలోపు చెప్పు. ఫేబాకి ఫోను చేసి చెప్పమనకు. కుమారి చేత కబురు చేయించకు. నేను ఫోనులో మాట్లాడనని అందరికీ తెలుసు. ఆదివారం దాకా ఫోను నా జేబులోనే ఉంటుంది, ఎత్తుతాను. నువ్వే చెయ్యి. నాకే చెప్పు.

దయారత్నం